‘లేదు’ అనని మా స్టాటిస్టిక్స్ సారు

మా స్టాటిస్టిక్స్ సారు పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున ఆళ్లగడ్డ నుంచి సలోమి ఫోన్ చేసింది. సలోమి, నేను నంద్యాలలో ఒకే హాస్టల్ గదిలో ఉండి డిగ్రీ చదువుకున్నాం. తర్వాత నర్సింగు కూడా చదివి, ఇప్పుడు తను ఆళ్లగడ్డలో ఒక ఆసుపత్రిలో నర్సు. నేను డోన్‌లో అదే స్టాటిస్టిక్స్ చెప్పుకుని బతుకుతున్నాను. ఎప్పుడు ఫోన్ చేసినా అరగంట సోది చెప్పే మనిషి, ఆ రోజు పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది.

“సారు పోయినాడు మే. నిద్దట్లోనే పోయినాడంట. వాళ్లూరికి తీసకపోతాండారు. బిరీన రా.”

బస్సులో ఏడుద్దామని కళ్లు తుడుచుకుని చీర మార్చుకుంటుంటే ఫోన్ మళ్లీ మోగింది. పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. మేము చదివిన కాలేజీ గేటుకు అప్పుడే ఫ్లెక్సీ కట్టేశారు. శవం ఇంకా ఊరు చేరలేదు, ఫ్లెక్సీ మాత్రం చేరింది. అందులో సారు ఫొటో ఎంతుందో, కాలేజీ కరస్పాండెంటు చేతులు జోడించిన ఫొటో దానికి రెండింతలుంది. కింద ఇలా రాసి ఉంది: ‘మన హాస్టల్ నీటి స్వచ్ఛతను శాస్త్రీయంగా నిరూపించిన మహనీయునికి అశ్రునివాళి.’

ఏడుపు రావలసిన చోట రోత వచ్చింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. సారు గురించి మెత్తగానే రాస్తాను. మిగతావాళ్ల గురించి మెత్తగా రాయడం నా వల్ల కాదు, చదివేవాళ్లు మన్నించాలి.

ఆళ్లగడ్డ దాటి పొలాల మధ్య ఉండే చిన్న ఊరు సారుది. మేము వెళ్లేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్లం. ఆమె సలోమి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

“గేటుకు ఏందో కట్టినారంట, చూసినావా పాపా?”

“చూసినానమ్మా.”

“ఆయన బతికింటేనా, భుజం మీది టవల్‌తో తుడిచేసొచ్చింటాడు.”

ఆ టవల్ గురించి చెప్పాలి. సారు భుజం మీద ఎప్పుడూ ఒక తెల్ల టవల్ ఉండేది. మధ్యాహ్నానికి అది సుద్దపొడితో బూడిదరంగుకు తిరిగేది. క్లాసులో డస్టర్ ఉన్నా ముట్టేవారు కాదు. మామూలు తప్పులను డస్టర్‌తో మేమే తుడుచుకోవాలి. ఒక్క రకం తప్పును మాత్రం ఆయన లేచి వచ్చి తన టవల్‌తో తుడిచేవారు. ఏదో పురుగును నలిపినట్టు మొహం పెట్టి, గట్టిగా అదిమి తుడిచేవారు. ఆ తప్పు నేను మొదటి వారంలోనే చేశాను.

రెండు మందుల్లో ఏది బాగా పనిచేస్తుందో తేల్చే లెక్క అది. బోర్డు మీద ఎక్కడా తడబడకుండా చేశాను. చివర్లో ఠీవిగా ‘కాబట్టి రెండు మందులకూ తేడా లేదు’ అని రాసి, మెచ్చుకుంటారని తిరిగి చూశాను. సారు లేచారు. ఆ ఒక్క వరుసనూ టవల్‌తో తుడిచేశారు.

“తేడా లేదని ఎవురు చెప్పినారు?”

“లెక్క చెప్పింది సార్.”

“లెక్క అట్ల చెప్పలేదమ్మా. నాకు తేడా కనపళ్లేదు అని చెప్పింది. కనపళ్లేదు అనేది లెక్క మాట. లేదు అనేది నీ మాట. నీ మాట తెచ్చి దాని నోట్లో పెడతాండావ్.”

నాకు అర్థం కాలేదు. రెండూ ఒకటే కదా అన్నట్టు నిలబడ్డాను. సారు నన్ను వదిలేసి క్లాసు వైపు తిరిగారు.

“మీ చెప్పులో తేలు దూరిందని అనుమానం. టార్చిలైటు వేసి చూస్తిరి. బ్యాటరీ అయిపోయింది, లైటు గుడ్డిగా ఉండాది. తేలు కనపళ్లేదు. కాలు పెడతారా?”

“పెట్టం సార్!” అని అందరం అరిచాం.

“యాల పెట్టరు? చూస్తిరి కదా?”

“లైటు సరిగా లేదు సార్” అంది వెనక బెంచీ నుంచి సలోమి.

“అదీ! తేలు నిజంగా ఉండాదనుకో. దాన్ని పట్టుకునే శక్తి నీ లైటుకు ఎంతుండాది? దాన్నే పవర్ అంటారు. ముందు నీ లైటు సంగతి చెప్పు. తేలు సంగతి ఆమీట చెబుదువు.”

తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను, చాలామందికి పాఠం చెప్పాను. ఇంతకంటే బాగా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. తేడా ఏమీ లేదని ముందు అనుకుని పరీక్ష మొదలుపెడతాం. ముందు అనుకున్న ఆ మాటను నల్ హైపోథిసిస్ అంటారు. అక్కడ మనిషి చేయగల తప్పులు రెండు. తేలు లేకపోయినా ఉందని కేక పెట్టి ఇల్లంతా లేపడం మొదటిది. తేలు ఉన్నా చూడలేక కాలు పెట్టడం రెండోది. కేకలు మానాలని మరీ గట్టిగా బిగించుకుంటే కుట్టించుకోవడం ఎక్కువవుతుంది. కుట్టించుకోకూడదని ప్రతి నీడకూ ఉలిక్కిపడితే కేకలు ఎక్కువవుతాయి. రెండూ తగ్గాలంటే ఇంకా బాగా వెతకాలి, అంటే ఇంకా ఎక్కువసార్లు, సరైన చోట, సరైన వేళకు. సారు పాఠమంతా ఇంతే. ఇంత చిన్న పాఠం మన ఊళ్లలో ఎవరికీ అక్కర్లేదు. ఏ ఆఫీసుకు వెళ్లి ఏం అడిగినా తల ఎత్తకుండా ‘అట్లాంటిదేం లేదండీ’ అంటారు. చూశారా అని అడిగితే చూడలేదు. చూడకుండానే లేదు! ఈ ‘లేదు’ వినీ వినీ నాకు చెవుల్లో చీము పట్టినట్టుంటుంది.

సారు పుట్టుకతోనే ఇలా ఉన్నారనుకుంటే పొరపాటు. ఆయన కూడా ఒకసారి లేని తేలును చూసి కేక పెట్టారు. ఆ సంగతి దాచలేదు, ప్రతి కొత్త క్లాసుకూ తానే చెప్పేవారు.

నంద్యాలలో సారు వాళ్ల వీధికి ఒక ఆమె పాలు పోసేది. పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ పాలక్క. సారు కాలేజీలో కొత్తగా చేరిన రోజుల్లో ల్యాబు నుంచి లాక్టోమీటరు ఇంటికి తెచ్చారు. పాలలో ముంచితే తేలే గాజు గొట్టం అది. పాలు పలచనైతే లోతుకు దిగుతుంది. పాలక్క అప్పుడే పితికి తెచ్చిన పాలలో ముంచితే బుడుంగున దిగిపోయింది. ఇంకేం, నీళ్లు కలిపిందన్నారు సారు. చదువుకున్న మనిషి చెప్పాడని వీధి వీధంతా ఆమె దగ్గర పాలు మానేసింది. ఆమె ఇంటింటి గడప ముందూ నిలబడి ‘నేను కలపలేదమ్మా’ అని మొత్తుకుందట. ఎవరూ వినలేదు.

తర్వాత సారు పండక్కి ఊరికి వెళ్లారు. అన్నగారి గేదెను తన కళ్ల ముందే పితికారు. సరదాకు గొట్టం ముంచితే అక్కడా అలాగే దిగిపోయింది. వెచ్చగా, నురగతో ఉన్న పాలలో ముంచితే అది అలాగే దిగుతుంది. చల్లారాక చూడాలి. సారు పండగ భోజనం కూడా చేయకుండా బస్సెక్కి నంద్యాల వచ్చి నేరుగా పాలక్క ఇంటికి వెళ్లారు.

“ఏమన్నారు సార్?” అని ఎవరో అడిగితే ఆయన చెప్పింది నాకు బాగా గుర్తు.

“ఏమంటాను? తప్పు నాది అక్కా అన్న్యా. ఆమె నన్ను జూసి, నాకు చెప్పి ఏం లాభం సారూ, వీధికి చెప్పు అనింది. నిజమే కదా. తెల్లారి ఆమె క్యాను నేనే మోసుకుంటా ఇంటింటికీ పోయి చెప్పినాను. కేక పెట్టింది వీధిలో. ఇంట్లో కూచోని తప్పు ఒప్పుకుంటే సాలదు.”

ఆ తర్వాత చివరి వరకూ ఆ ఇంట్లో పాలక్క పాలే. ఆమె ధర పెంచినా, ఆలస్యంగా తెచ్చినా సారు మారలేదు. కేక పెట్టింది వీధిలో అయితే ఒప్పుకునేది కూడా వీధిలోనే అన్న మాట ఆయనకు అలా ఒంటికి పట్టింది. దాని కోసమే తర్వాత ఉద్యోగం వదులుకున్నారు.

మేము రెండో సంవత్సరంలో ఉండగా హాస్టల్లో వరసగా జబ్బులు మొదలయ్యాయి. ముందు వాంతులు, విరేచనాలు. తర్వాత సలోమికి కామెర్లు. కళ్లు పసుపుముద్దల్లా అయ్యాయి, అన్నం వాసనకే తల తిప్పేది. మేము నీళ్ల మీద అనుమానపడ్డాం, ఎందుకంటే పొద్దున కొళాయి తిప్పగానే వచ్చే నీళ్లు ఒక రకమైన నీచు వాసన కొట్టేవి. వార్డెన్‌కు చెప్తే ఆమె చీదరగా చూసింది.

“బయట పానీపూరీలు తినేది మీరు, మాటలు మాకా? ఆ పిల్ల ఇంటికాన్నించి తెచ్చుకున్న రోగం అది. వాళ్ల వాడలో నీళ్లెట్లుంటాయో నాకు తెలీదా!”

ఆ సాయంత్రం నుంచి సలోమి గ్లాసును మిగతా గ్లాసులతో కలవనివ్వలేదు. కిటికీలో, చీపుళ్ల పక్కన వేరుగా బోర్లించి పెట్టించింది. కామెర్లు అంటుకుంటాయని జాగ్రత్త అంది. వాంతులతో మంచం పట్టిన ఇంకో ముగ్గురి గ్లాసులు మామూలుగానే అందరివాటితో కలిసి ఉన్నాయి. వాళ్ల ఇళ్లు వాడలో లేవు మరి. సలోమిని వాళ్ల నాయన వచ్చి తీసుకుపోయేటప్పుడు ఆ గ్లాసును తనే తీసి సంచిలో వేసుకుంది.

సంగతి సారుకు చెప్పాం. ఆయన వెంటనే కరస్పాండెంటును అనుమతి అడిగారు. పదకొండు గంటలకు రమ్మన్నారు. ఆలోపు ట్యాంకులో బ్లీచింగ్ పొడి కుమ్మరించారు, కొళాయిలన్నీ తిప్పి వదిలేశారు. సారు వచ్చేసరికి హాస్టలంతా ఈతకొలను వాసన. ఆయన దగ్గర పరీక్ష మందు వేసిన చిన్న సీసాలుండేవి. నీళ్లు పోసి మూత బిగించి ఒకటి రెండు రోజులు పక్కన పెట్టాలి. నీళ్లలో పాయఖానా తాలూకు క్రిములుంటే నల్లబడతాయి. ఆఫీసు పక్క కొళాయి దగ్గర రెండే సీసాలు పట్టనిచ్చారు. రెండూ తెల్లగానే ఉన్నాయి.

సారు కరస్పాండెంటుతో మా ముందే చెప్పారు. “నాకు కనపళ్లేదు. కానీ ఈ రెండు సీసాలకు కనపడేంత శక్తి లేదప్పా. పొద్దున మోటరు వేసిన ఎంటనే వచ్చే నీళ్లు, చివరి కొళాయిల కాడ మల్లా పట్టాల.”

కరస్పాండెంటు మొదటి మాట వరకే విన్నాడు. మర్నాడు ప్రార్థన సమయంలో మైకు పట్టుకుని ప్రకటించాడు. “మన స్టాటిస్టిక్స్ సారే స్వయంగా పరీక్ష చేశారు. మన నీళ్లలో ఏ దోషమూ లేదని తేలింది. బయటి తిండి తిని, ఇంటి దగ్గర్నుంచి రోగాలు తెచ్చుకుని కాలేజీ పేరు చెడగొట్టొద్దు.”

లెక్చరర్ల వరుసలో సారు మొహం నల్లబడిపోయింది. “అట్ల కాదు! లేదని నేను చెప్పలేదు!” అని అరిచారు. మైకు ఆయన దగ్గర లేదు. బెల్లు కొట్టేశారు. ఆయన చెయ్యి భుజం మీది టవల్ మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. బోర్డు మీద రాసిందైతే తుడిచేసేవారు.

ఆ తర్వాత మేమే పట్టాం. చివరి కొళాయిలు వంటింటి వెనక, మురుగు కాలువ పక్కన ఉండేవి. రోజూ తెల్లారి మోటరు వేయగానే ఒకరం కావలి ఉంటే ఇంకొకరం నీళ్లు పట్టి, గోడ అవతల ఉన్న సారు ఇంటికి చేర్చేవాళ్లం. అక్కడ అమ్మ ఒక పని చేసేది. మా నీళ్లతో పాటు కాచి చల్లార్చిన నీళ్లు, వీధిలో ఇళ్ల నీళ్లు కూడా అలాంటి సీసాల్లోనే పోసి, అన్నీ కలిపేసి నంబర్లు వేసేది. ఏది ఎక్కడిదో ఆమెకు తప్ప సారుకు కూడా తెలియదు.

నాకు విసుగొచ్చింది. “ఇంత యాతన ఎందుకు సార్? ఆ నీళ్లు చెడ్డవని మనకు తెలుసు కదా?”

“పాలక్క నీళ్లు కలిపిందని గూడా నాకు తెలుసమ్మా” అన్నారు సారు.

కిటికీ గట్టు మీద సీసాలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. అమ్మ నంబర్లు చదివింది. కాచిన నీళ్లు ఒక్కటీ మారలేదు. వీధి నీళ్లూ మారలేదు. నల్లవన్నీ మా హాస్టలువే. హాస్టలు సీసాల్లో కూడా తెల్లగా మిగిలినవి చాలా ఉన్నాయి. సారు వాటిని చూపించి చెప్పారు.

“చూసినారా? చెడ్డ నీళ్లు గూడా పట్టినప్పుడల్లా దొరకవు. రెండు సీసాలతో వచ్చి లేదనేవాడు, దొరక్కూడదనే వచ్చినాడు.”

నేను తెలివితక్కువగా ఒక నల్ల సీసా మూత తీశాను. కుళ్లిన గుడ్ల కంపు. మోటరు ఆగినప్పుడల్లా పగిలిన పైపులోకి పక్క కాలువ మురుగు ఊరేదని తర్వాత తెలిసింది. మేము రోజూ తాగింది అది. దాంతోనే పప్పు వండారు, దాంతోనే నోరు పుక్కిలించాం. గోడ పక్కన కూర్చుని పేగులు బయటికొచ్చేలా కక్కాను.

సారు ఆ సీసాలను టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని కరస్పాండెంటు గదికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఒక సీసా మూత తీసి బల్ల మీద పెట్టగానే ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పిల్లలకు తాగించిన నీళ్లే అవి, తనకు మాత్రం వాసన కూడా పడలేదు.

“అయిందేదో అయింది సార్. పైపు మార్పిస్తాను. బయట మాత్రం అనకండి” అన్నాడు.

“పైపు మార్చు. ఆ పాపను గూడా పిలిపించు. మైకులో చెప్పినావు కదా ఇంటి రోగమని. అదే మైకులో, తప్పు మాది అని చెప్పు.”

“అదెట్లా కుదురుతుంది సార్? కాలేజీ పరువు...”

“ఆ పిల్లది పరువు కాదా?”

దసరా సెలవుల్లో గుట్టుచప్పుడు కాకుండా పైపు మార్చారు. సారు పెట్టిన ఫిర్యాదు మీద ఎవరో వచ్చి, కొత్త పైపు నీళ్లు పట్టుకుని, ఏ దోషమూ లేదని చెప్పి, టీ తాగి వెళ్లారు. మైకులో చెప్పడం మాత్రం జరగలేదు. సారు ఉద్యోగం మానేశారు. ఇంట్లోనే పిల్లలకు పాఠాలు చెప్పుకున్నారు. సలోమి హాస్టలుకు మళ్లీ రాలేదు. కోలుకున్నాక సారు ఇంట్లోనే ఉండి పరీక్షలు రాసింది. మొదటి రోజు అన్నం దగ్గర తన సంచిలోంచి ఆ పాత గ్లాసు తీసుకుని వేరుగా కూర్చోబోతే, సారు ఆ గ్లాసు లాక్కుని అందులో తను నీళ్లు తాగి, తన గ్లాసు ఆమెకు ఇచ్చారట. ఈ సంగతి సలోమి నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

సంక్రాంతి దాటాక నంద్యాల వెళ్లినప్పుడు సారును చివరిసారి చూశాను. బాగా చిక్కిపోయారు, టవల్ మాత్రం భుజం మీదే ఉంది. పాలక్క పాలతో అమ్మ కాఫీ ఇచ్చింది. సారు అడిగిన మొదటి మాట, “మీ పిల్లోళ్లు లేదు అంటాండారా, కనపళ్లేదు అంటాండారా?” అని. నవ్వాను. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, “సలోమి పనొకటి మిగిలిపోయెనే” అన్నారు. ఆ మైకు మాట మిగిలే ఉండగానే పోయారు.

అందుకే కాలేజీలో సంతాప సభ పెట్టారంటే, నాకు ఒళ్లంతా జిల పుట్టినా వెళ్లాను. సలోమి ఆళ్లగడ్డ నుంచి నేరుగా వచ్చింది. ఎండ మండిపోతోంది. గేటు పక్కన చెట్టు నీడలో పాలక్క కూర్చుని ఉంది, ముందు పెద్ద బిందె. ముసలిదైపోయింది. ఏందక్కా ఇది అంటే, “మజ్జిగమ్మా. సారు పేరు మీద. లోపలికి నన్నెవురు పిలుస్తారు? పోయేటప్పుడు తాగిపోండి” అంది.

హాలు నిండింది. మా హాస్టల్ వాళ్లం చాలామందిమి వచ్చాం, తలలు నెరిసినవాళ్లూ పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లూ. అటెండర్లు బెంచీల మీద ప్రతి ఒక్కరి ముందూ స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టుకుంటూ పోయారు. వేదిక మీద సారు ఫొటో, పక్కన కరస్పాండెంటు. ఆయన లేచి గొంతు సవరించుకుని సారుతో తనకున్న అనుబంధం చెప్పుకొచ్చాడు. అన్నదమ్ముల్లా ఉండేవాళ్లమట! రుమాలు తీసి కళ్లు అద్దుకున్నాడు. నాకు ఆ రుమాలు ముక్కు మీద ఉన్న రోజు గుర్తొచ్చింది. ఆ తర్వాత సిగ్గు లేకుండా అదే మాట మళ్లీ అన్నాడు. “మన హాస్టల్ నీళ్లలో ఏ దోషమూ లేదని శాస్త్రీయంగా తేల్చిన మేధావి ఆయన.”

బతికున్న మనిషి మాటలో తనకు కావలసిన ముక్క కోసుకోవడం ఒక నీచం. పోయాక ఆ ముక్కకే దండ వేసి ఊరేగించడానికి ఎంత తోలు మందం కావాలి! నేను లేవబోయాను. నాకంటే ముందు సలోమి లేచింది.

“అయ్యా, సారు లేదనలేదు. కనపళ్లేదు అన్న్యాడు. మల్లా చూసి, ఉండాదని చెప్పినాడు. ఆ నీళ్లు తాగి కామెర్లు వచ్చింది నాకే. మా ఇంటి నీళ్లతో కాదు, మీ నీళ్లతో వచ్చింది. ఆ మాట మైకులో చెప్పమని ఆయన అడిగినాడు. ఇప్పుడన్నా చెప్పండి.”

కరస్పాండెంటు ఇబ్బందిగా నవ్వాడు. “సందర్భం కాదమ్మా ఇది. పాపం ఎండన పడొచ్చినట్టున్నావు. కూర్చో, కూర్చుని మంచినీళ్లు తాగు.”

సలోమి తన ముందున్న గ్లాసును చూసింది. ముట్టుకోకుండా కూర్చుంది.

తర్వాత ఎవరో మాట్లాడారు, ఇంకెవరో మాట్లాడారు. మౌనం పాటించమన్నారు. ఆ మౌనంలో తల వంచుకుంటే నా గ్లాసు కనబడింది, నిండుగా ఉంది. ముందు బెంచీ వాళ్లవీ నిండుగా ఉన్నాయి. తల ఎత్తి చూశాను. మా హాస్టల్ వాళ్లు కూర్చున్న వరుసల్లో ఒక్క గ్లాసు కూడా కదల్లేదు. మేము ఒకరితో ఒకరం అనుకోలేదు, సైగ కూడా చేసుకోలేదు.

సారు దగ్గర చదువుకున్న బుద్ధి ఊరుకోదు కదా. ఒక్క గ్లాసు మిగిలితే ఆ మనిషికి దప్పిక లేదనుకోవచ్చు. ఇన్ని మిగిలితే? అయినా సారు ఊరికే ఒప్పుకునేవారు కాదు. అసలు ఎవరికీ దప్పిక లేదేమో, అది చూసినావా అని అడిగేవారు.

బయటికొస్తే దానికి జవాబు దొరికింది. గేటు దగ్గర మావాళ్లంతా పాలక్క బిందె చుట్టూ మూగిపోయారు. ఒకరి చేతిలోంచి ఒకరు గ్లాసు లాక్కుని గటగటా తాగుతున్నారు. సలోమి తాగిన గ్లాసులోనే నేనూ తాగాను. చూస్తుండగానే బిందె అడుగు కనబడింది. పాలక్క ఆశ్చర్యపోయింది.

“ఏందమ్మా, ఇంత దప్పిక మీద ఉండారు? లోపల నీళ్లియ్యలేదా?”

“ఇచ్చినారక్కా” అంది సలోమి.

నా గొడుగు మర్చిపోయానని మళ్లీ హాల్లోకి వెళ్లాను. అంతా ఖాళీ. ఫ్యాన్లు ఇంకా తిరుగుతున్నాయి. అటెండరు ఖాళీ ట్రే పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు. ఫొటోలో సారు భుజం మీద టవల్ ఉంది. ఆయన ఎదురుగా, మా బెంచీల వెంట చివరి దాకా, గ్లాసులన్నీ నిండుగా ఉన్నాయి.